జర్మన్ ఏడాదిల వస్తది, ఇంగ్లీష్ పదేండ్లకు ఎందుకు రాదు?

మా మేనకోడలు నల్లగొండల బీఎస్సీ నర్సింగ్ అయిపోయినంక జర్మన్ పట్టింది. జర్మనీల నర్సుగ పూర్తి గుర్తింపు రావాలంటే మామూలుగ బీ2 లెవెల్ అడుగుతరు కద, దానికోసం హైదరాబాద్‌ల హాస్టల్‌ల ఉండి పొద్దుమాపు అదే పని. ఏడాది దాటి రెండు నెలలు అయ్యిందో లేదో పరీక్ష పాసైంది. మొన్న దసరాకు ఇంటికొచ్చినప్పుడు అన్నం తినుకుంట అడిగింది, మామా, పదేండ్లు ఇంగ్లీష్ చదివి కూడ కాలేజ్ ఇంటర్వ్యూల నోరు తెరవలేకపోయిన, ఈ జర్మన్ ఏడాదిల ఎట్లొచ్చింది అని. అడిగింది ఎవర్ని, హైస్కూల్‌ల ఇంగ్లీష్ చెప్పే సారును. ముద్ద గొంతుల ఇరికినట్టే అయింది నాకు.

ఆ రాత్రి కూసోని లెక్క ఏసిన. యూరప్‌ల భాషలకు ఏ1 నుంచి సీ2 దాక ఆరు మెట్లు పెట్టుకున్నరు, 2001ల కౌన్సిల్ ఆఫ్ యూరప్ తెచ్చిన పద్ధతి అది. అండ్ల బీ2 నాలుగో మెట్టు, అంటే డాక్టర్‌తోని, పేషెంట్‌తోని తడబడకుండ మాట్లాడేంత. సున్నా నుంచి అక్కడిదాక పోవాలంటే 45 నిమిషాల పీరియడ్లు సుమారు 600 నుంచి 800 దాక పడతయి అని జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ లెక్క. ఇగ మన బడి లెక్క చూడున్రి. రోజుకో ఇంగ్లీష్ పీరియడ్, ఏడాదికి తక్కువల తక్కువ 200 అనుకుందాం, ఆరు నుంచి పది దాక ఐదేండ్లకు 1,000. ఒకటి నుంచి లెక్కబెడితే 2,000. అంటే జర్మన్‌కు పట్టేదానికంటె రెండింతలకు పైన మనం ఇంగ్లీష్‌కు ఖర్చుపెడుతున్నం, అయినా పదో తరగతి పోరడు బస్టాండ్‌ల ఎవరన్న ఇంగ్లీష్‌ల దారి అడిగితె పక్కకు తప్పుకుంటడు. టైం చాలట్లేదు అనే మాట ఇక్కడ నిలబడదు. మరి ఏం చాలట్లేదు?

అందరూ ముందుగాల చెప్పేది వయసు గురించి. చిన్నప్పుడే నేర్పాలె సార్, పెద్దయితె నాలిక తిరగదు అంటరు. యాస వరకైతె అండ్ల నిజం ఉన్నది, చిన్నప్పటి నుంచి ఆ భాష నడుమ పెరిగినోనికి వచ్చే పలుకుబడి పెద్దయినంక రావుడు కష్టమే. గానీ నేర్చుకునే స్పీడ్ సంగతి వేరు. 1978ల స్నో, హూఫ్నాగెల్-హోలె అని ఇద్దరు పరిశోధకులు నెదర్లాండ్స్‌కు వచ్చిన ఇంగ్లీషోళ్ళు డచ్ ఎట్ల నేర్చుకుంటున్నరో ఏడాదిపాటు చూసిన్రు, మొదట్ల అందరికంటె ముందు పోయింది 12 నుంచి 15 ఏండ్ల పిల్లలు, పెద్దోళ్ళు. ఎనకబడ్డది 3 నుంచి 5 ఏండ్ల చిన్నపిల్లలు. తర్వాత స్పెయిన్‌ల బార్సిలోనా కాడ బళ్ళల్ల కార్మెన్ మున్యోస్ వాళ్ళు చూసిన్రు, 8 ఏండ్లకు ఇంగ్లీష్ మొదలుపెట్టినోళ్ళను, 11 ఏండ్లకు మొదలుపెట్టినోళ్ళను, ఇద్దరికీ అన్నే గంటలు పాఠం పడ్డంక పోలిస్తె 11 ఏండ్లకు మొదలుపెట్టినోళ్ళే ముందున్నరు. చిన్నపిల్లలు నేర్చుకునేది చెవుల పడి పడి, దానికి రోజంత ఆ భాష వినపడాలె, బడిల ఒక్క పీరియడ్‌తోని అయ్యేది కాదు. టీనేజ్ పిల్లలకు రూల్ చెప్తె అర్థమైతది, పోల్చుకుంటరు, గుర్తుపెట్టుకునే ఉపాయాలు తెలుస్తయి. అంటే మా హైస్కూల్ పిల్లల తలకాయలు భాషకు మస్తు పనికొచ్చే వయసులున్నయి, ఆగింది ఇంకెక్కడనో.

రెండోది క్లాస్ సైజు. ఇది నిజమైన కారణమే, దాచేదేం లేదు. 45 నిమిషాలల్ల సగం నేను మాట్లాడి సగం పిల్లలకు ఇచ్చిన అనుకున్నా (సగం ఇచ్చే సారును నేనైతె ఇంకా చూడలే, నాతోని సహా) 22 నిమిషాలను 40 మందికి పంచితె తలా అరనిమిషం. ఏడాదంత కలిపితె ఒక్కొక్కనికి 110 నిమిషాలు, అంటే ఒక సినిమా అంత కూడ లేదు. మేనకోడలు క్లాస్‌ల ఇరవై మంది లోపే, పైంగ వీసా, జీతం కండ్ల ముందట ఆడుతుంటయి, చదవకపోతె ఎట్ల. ఇవన్ని ఒప్పుకుంట. గానీ అదే పిల్ల ఒక మాటన్నది, నాకు అసలు సంగతి అండ్లనే దొరికింది. జర్మన్ క్లాస్‌ల ఎవ్వరికీ ఏం రాదు మామా, అందరం జీరో, తప్పు మాట్లాడితె పక్కదానికి అది తప్పని కూడ తెల్వదు, ఇంక ఎవరు నవ్వుతరు?

ఇంగ్లీష్ క్లాస్‌ల అట్ల లేదు. మన దగ్గర ఇంగ్లీష్ వస్తదా రాదా అనేది వాడు ఏ బడిల చదివిండు, వాళ్ళ నాయిన దగ్గర పైసలున్నయా, రేపు వాని బతుకు ఎట్లుంటది అన్నీ చెప్పే ముద్ర లెక్క అయింది. 2022-23ల సర్కారు బళ్ళల్ల ఒకటి నుంచి ఎనిమిది దాక ఇంగ్లీష్ మీడియం పెట్టిన్రు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ ఉన్న పుస్తకాలు కూడ ఇచ్చిన్రు, మంచిదే. గానీ పుస్తకం మారినంత తొందరగ బుగులు పోదు. మా ఊరు నుంచి ప్రైవేట్ స్కూల్ వ్యాన్ ఎక్కే పిల్లగాడు, మా బడికి నడిచొచ్చే పిల్లగాడు పొద్దున ఒకే మూలమలుపు కాడ కలుస్తరు, ఎవరి ఇంగ్లీష్ ఏందో ఇద్దరికీ తెలుసు. అందుకే జర్మన్‌ల తప్పు మాట్లాడితె అది ఉత్త తప్పు, ఇంగ్లీష్‌ల తప్పు మాట్లాడితె ఇజ్జత్ పోతది. నా మటుకు నాకు ఈ చిక్కుముడి మొత్తం ఈ ఒక్క ముచ్చట కాడనే ఉన్నది.

ఇది నాకు పుస్తకాల నుంచి తెలువలే, నేను చేసిన తప్పు నుంచి తెలిసింది. నారాయణపేట దిక్కు బడిల పనిచేసేటప్పుడు, తొమ్మిదో తరగతిల ఒక పోరడు లేచి పాఠం చదువుతుండు. వారాల పేర్లొచ్చినయి. మన తెలుగుల రాసింది రాసినట్టే చదువుతం కద, వాడూ అట్లనే బుధవారాన్ని, వెన్స్‌డే అని పలకాల్సినదాన్ని, అక్షరం అక్షరం కలిపి "వెడ్‌నెస్‌డే" అన్నడు. నాకు నవ్వొచ్చింది. నవ్విన. సారే నవ్విండంటే ఇగ క్లాస్ ఊకుంటదా, నలభై మంది ఒకటే నవ్వుడు. ఆ రోజు నుంచి వాని పేరు వెడ్‌నెస్‌డే. గ్రౌండ్‌ల వెడ్‌నెస్‌డే, మధ్యాహ్న భోజనం లైన్‌ల వెడ్‌నెస్‌డే, ఆఖరికి వాళ్ళ చెల్లె కూడ అట్లనే పిలిచేదంట. పది పాసై పోయేదాక ఆ పిల్లగాడు నా క్లాస్‌ల ఒక్క ఇంగ్లీష్ ముక్క నోటితోని అనలేదు, అడిగితె లేచి నిలబడి తల దించుకునేది. వాని తప్పుల న్యాయం కూడ ఉండె, అక్షరాలున్నప్పుడు పలకాలె అనుకునుడు తెలుగు చదివినోనికి సహజమే, తిక్క ఇంగ్లీష్ స్పెల్లింగ్‌ది. ఆ మాట ఆ రోజే క్లాస్‌ల చెప్పి ఉంటె నవ్వు ఇంగ్లీష్ మీదికి పోతుండె, వాని మీదికి రాకపోతుండె.

1967ల డేవిడ్ ఎల్కైండ్ అనే సైకాలజిస్ట్ టీనేజ్ పిల్లల గురించి ఒక మాట రాసిండు, ఆ వయసుల వాళ్ళకు ఎప్పుడూ అందరూ తమనే చూస్తున్నట్టు, కనపడని ప్రేక్షకులు ఎవరో ముందట కూసున్నట్టు ఉంటదని. మొటిమ వచ్చినా, చెప్పు తెగినా, నోరు జారినా ఊరంత చూసిందనే అనుకుంటరు. ఇగ భాష క్లాస్ అంటే ఏంది, లెక్కల తప్పు నోట్‌బుక్‌ల ఉంటది, భాష తప్పు నోట్లె నుంచి అందరి ముందట బయటపడతది. ఆ వయసుకు ఇంతకంటె పెద్ద శిక్ష ఇంకేముంటది. 1980ల మొదట్ల స్టీఫెన్ క్రాషెన్ అనే భాషా పరిశోధకుడు దీన్నే ఇంకో తీరుగ చెప్పిండు, బుగులు, సిగ్గు ఎక్కువున్నప్పుడు మనిషి లోపల ఒక జల్లెడ అడ్డం పడతది, ఎంత మంచి పాఠం చెప్పినా లోపలికి దిగదు అని. ఆ జల్లెడను కొలిచి చూపియ్యలేం అని ఆయన మీద విమర్శలు మస్తు వచ్చినయి, ఆయన చెప్పిన మిగతా సిద్ధాంతాలల్ల కొన్ని నేను కూడ ఒప్పుకోను, గానీ క్లాస్‌ల పదిహేనేండ్లు నిలబడ్డోనికి ఈ ఒక్కటి మాత్రం కండ్లతోని కనపడతది.

వెడ్‌నెస్‌డే ముచ్చట ఇంకా అయిపోలే. వాడు పది అయినంక రెండేండ్లకు మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట బస్సుల నాకు రెండు సీట్ల ముందట కూసున్నడు. దేవరకద్ర దాటినంక ఫోన్ వచ్చింది, వాడు మరాఠీ మొదలుపెట్టిండు. గలగల మాట్లాడుతుండు, నడుమ గట్టిగ "కితీ ఝాలే, కితీ ఝాలే" అని పైసల లెక్క అడుగుతుండు. వాళ్ళ అమ్మనాయిన పుణెల బిల్డింగ్ పనికి పోతుంటరు, పాలమూరు లేబర్ అంటె తెలుసు కద, చిన్నప్పుడు రెండు మూడు ఎండకాలాలు వీడు కూడ ఆడనే సైట్ మీద ఉన్నడంట, కిరాణ దుకాణంకి పోవుడు, పక్క షెడ్ పిల్లలతోని ఆడుడు, నాయిన తరఫున మేస్త్రితోని మాట్లాడుడు, అన్నీ వీడే. ఏ సారూ నేర్పలే, ఎవ్వరూ మార్కులెయ్యలే. తప్పు మాట్లాడితె దుకాణమోడు నవ్వలే, ఏం కావాలని ఇంకోసారి అడిగిండు, అంతే. నేను పనికిరాడు అనుకున్న పిల్లగాడు మూడో భాషల బేరం చేస్తుండు. దిగేటప్పుడు నన్ను చూసి నమస్తే సార్ అన్నడు, తెలుగుల.

ఇప్పుడు అందరూ టీనేజ్ పిల్లలతోని కనెక్ట్ కావాలె అంటరు, ట్రైనింగ్‌లల్ల కూడ ఇదే మాట. కనెక్ట్ అంటె ఏందో మాత్రం ఎవ్వరూ విప్పి చెప్పరు. కొంతమంది సార్లు పిల్లల లెక్క మాట్లాడుడు మొదలుపెడతరు, రీల్స్ గురించి, హీరోల ఫ్యాన్స్ గురించి, ఒకాయనైతె పిల్లల్ని బ్రో అని పిలిచేటోడు. పిల్లలు ముందట నవ్వుతరు, ఎనక వేరే తీరుగ నవ్వుతరు. పదిహేనేండ్ల పిల్లకు నలభై ఏండ్ల దోస్త్ ఎందుకు, దోస్తులు వాళ్ళకే మస్తుగున్నరు. వాళ్ళు చూసేది ఒక్కటే అని నాకనిపిస్తది, ఈ సార్ ముందట నోరు తెరిస్తె నా ఇజ్జత్ ఉంటదా పోతదా. ఉంటది అని నమ్మకం కుదిరితె ఎంత స్ట్రిక్ట్ సార్‌నైనా ఒప్పుకుంటరు. ఆ నమ్మకం కూడ పెద్ద మాటలతోని రాదు. పోయిన వారం పిల్ల తన మేకపిల్లకు బాగలేదని రెండు ముక్కల ఇంగ్లీష్‌ల చెప్తె, ఈ వారం మేకపిల్ల ఎట్లున్నది అని అదే ఇంగ్లీష్‌ల అడిగితె వస్తది.

ఇంకోటి ఆగుడు. ఇది ఇనడానికి చిన్న ముచ్చట, చేసుడు మస్తు కష్టం. 1970లల్ల మేరీ బడ్ రో అనే ఆమె అమెరికా క్లాసులల్ల టేపులు పెట్టి విని చూస్తె, టీచర్లు ప్రశ్న అడిగినంక సగటున ఒక సెకండ్ కూడ సక్కగ ఆగట్లేదు, జవాబు రాకముందే ఇంకొకర్ని అడుగుతరు లేకపోతె తామే చెప్పేస్తరు. మూడు సెకండ్లు ఆగితె పిల్లల జవాబులు పొడుగైనయి, నోరు తెరవని పిల్లలు కూడ మాట్లాడిన్రు. అవి సైన్స్ క్లాసులు, వాళ్ళ సొంత భాషల. మా పిల్ల అయితె ప్రశ్నను తెలుగుల అనుకోవాలె, జవాబు తెలుగుల ఆలోచించాలె, దాన్ని ఇంగ్లీష్ చెయ్యాలె, తప్పుందా అని ఒకసారి చూసుకోవాలె, ఆమెకు ఎన్ని సెకండ్లు కావాలె? నేను లోపల పది దాక లెక్కబెడుత. మొదట్ల ఆ పది సెకండ్లు పది నిమిషాలోలె ఉండె.

తప్పులు దిద్దుడు అసలైన తలనొప్పి. దిద్దితె ఇజ్జత్ పోతది, దిద్దకపోతె తప్పు అట్లనే గట్టిపడతది. మధ్యేమార్గం అని చాలామందిమి చేసేదేందంటే, పిల్ల "హి గో ఇస్కూల్" అంటె మనం "ఓ, హి గోస్ టు స్కూల్, గుడ్" అని మెల్లగ సరిచేసి ముందుకు పోతం. దీన్ని రీకాస్ట్ అంటరు. 1997ల లిస్టర్, రాంటా అనేటోళ్ళు కెనడాల ఫ్రెంచ్ నేర్పే క్లాసులు చూసి తేల్చిందేందంటే టీచర్లు దిద్దిన వాటిల్ల సగానికి పైగ రీకాస్ట్‌లే, పిల్లలు పట్టించుకోనిది కూడ వాటినే. పిల్లకు "గుడ్" ఒక్కటే ఇనపడుతది, తను అన్నదే కరెక్ట్ అనుకుంటది. వాళ్ళంతట వాళ్ళే దిద్దుకునేటట్టు ఆగి అడిగితె ఎక్కువ పనిచేసింది. కానీ కెనడా పిల్లకు ఫ్రెంచ్ తప్పు మాట్లాడితె వెడ్‌నెస్‌డే అని పేరు పడుతదో లేదో, మన దగ్గర అందరి ముందట ఆపి అడిగితె కథ వేరే తీరు పోతది. అందుకని నేను చేసేది, మాట్లాడుతున్నంతసేపు అస్సలు ఆపను, ఒక చిన్న కాగితం మీద తప్పులు రాసుకుంట, మర్నాడు పేర్లు లేకుండ ఐదారు వాక్యాలు బోర్డు మీద రాసి దిద్దుర్రి అంట. తన వాక్యం తనకు తెలుస్తది, పక్కోనికి తెల్వదు. నడుమ నేను మాట్లాడిన తప్పు కూడ ఒకటి పెడుత, ముందుగాల కావాలని పెడుతుంటి, ఇప్పుడు నిజంగనే దొరుకుతున్నయి.

తెలుగు వాడాలా వద్దా అనే కొట్లాట ఒకటి ఉంటది. తెలుగు మాట్లాడితె ఫైన్ అనే బళ్ళు ఇప్పటికీ ఉన్నయి, ఫైన్‌తోని వచ్చేది మౌనం, ఇంగ్లీష్ రాదు. ఒక భాషల సంపాదించుకున్న తెలివి లోపల్లోపల ఇంకో భాషకు పనికొస్తది అని జిమ్ కమిన్స్ అనే ఆయన 1979 కాలం నుంచి చెప్తుండు. దేవరకొండ, చందంపేట దిక్కు తండాల పిల్లలకైతె ఇంట్ల లంబాడీ, బడిల తెలుగే రెండో భాష, ఇంగ్లీష్ మూడోది. ఆ పిల్లల్ని మనం ఎనకబడ్డరు అంటం గానీ నిజానికి ఒక భాషను ఇంకో భాషల పెట్టుకునే పని క్లాస్‌ల అందరికంటె ఎక్కువ చేసింది వాళ్ళే. అక్కడ పనిచేసే ఒక దోస్తు బోర్డు మీద మూడు గీతలు గీసి మదర్, అమ్మ, యాడి, వాటర్, నీళ్ళు, పాణి అని రాయిపిస్తుండె. మూడో గీత కాడికొచ్చినప్పుడు మిగతా పిల్లలు తండా పిల్లల్ని అడగాలె, సార్‌కు కూడ తెల్వదు కాబట్టి సార్ కూడ అడగాలె. అరగంట కోసం పెద్దరికం చేతులు మారుతది.

మన తెలుగు అడ్డం అనుకుంటం గానీ కొన్నిచోట్ల నిచ్చెన లెక్క పనిచేస్తది. మేనకోడలు చెప్పింది, జర్మన్‌ల "వైల్" అంటె ఎందుకంటే, అది వచ్చినంక క్రియ వాక్యం చివరకు పోతదంట, "వైల్ ఇహ్ ఇన్ డాయిచ్‌లాండ్ ఆర్బైటెన్ విల్". మాటకు మాట పెడితె, ఎందుకంటే నేను జర్మనీల పనిచెయ్య కోరుతున్న. ఇంగ్లీష్ నుంచి ఆలోచించేటోళ్ళు ఇక్కడ తిప్పలు పడతరు, తెలుగోళ్ళకు సొంతింటికి వచ్చినట్టే ఉంటది. జపనీస్ ఇంకా దగ్గర, "వాతాషి వా గోహన్ ఓ తబెమస్", నేను, అన్నం, తింట, అదే వరుస. (విదేశాల కొలువులకు పంపే సర్కారు కంపెనీ టామ్‌కామ్ నర్సింగ్ పిల్లలకు జర్మన్, జపనీస్ రెండూ నేర్పిస్తది, జపనీస్‌కు పోయేటోళ్ళు ఈ ముచ్చట యాదుంచుకోవాలె.) ఇంకో గమ్మత్తు, జర్మన్‌ల అమ్మాయి అనే మాట, "మెడ్‌షెన్", నపుంసక లింగం. క్లాస్‌ల ఆడపిల్లలందరికీ కోపం వచ్చిందంట. నేనన్న, మన దగ్గర మాత్రం ఏం తక్కువ, పిల్లగాడు వచ్చిండు, మరి అమ్మాయి వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది. ఒక నిమిషం ఊకుంది, తర్వాత, మామా ఇన్నేండ్లు ఇది నాకెవ్వరూ చెప్పలేదేంది అన్నది. సొంత భాషను అట్ల బయట నుంచి చూసుడు అలవాటైతె ఏ భాష గ్రామర్‌కైనా బుగులు సగం తగ్గుతది.

మరి ఇజ్జత్ పోకుండ మాట్లాడిపియ్యాలంటే ఏం చెయ్యాలె? దీనికి జవాబు ఎక్కడి నుంచో తెచ్చుకునే పని లేదు, దక్షిణ భారతంలనే దొరికింది. 1979 నుంచి 1984 దాక ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన మామూలు బళ్ళల్ల ఒక ప్రయోగం చేసిండు, బెంగళూరు ప్రాజెక్ట్ అంటరు. గ్రామర్ పాఠాలు పక్కకు పెట్టి పిల్లలకు రైలు టైమ్‌టేబుల్, మ్యాపు అసొంటివి ఇచ్చి లెక్క తేల్చమనేది, ఫలానా టైంకు అక్కడ ఉండాలంటే ఏ రైలు ఎక్కాలె అని. మనిషి ధ్యాస జవాబు మీదుంటె భాష దానంతటదే లోపలికి దిగుతది అనేది ఆయన నమ్మకం. ప్రపంచమంత ఇప్పుడు టాస్క్ అని చెప్పుకునే పద్ధతికి అది మొదటి మెట్లల్ల ఒకటి. నాకు నచ్చేది ఇంకో కారణానికి, టైమ్‌టేబుల్ ముందట ఉన్నప్పుడు పిల్లలు ఒకరి మొఖం ఒకరు చూసుకోరు, కాగితం చూస్తరు. కనపడని ప్రేక్షకులు కాసేపు లేచిపోతరు.

నేను ఆర్టీసీది పెట్టిన. నలుగురికో కాగితం, సగం బస్సుల టైంలు ఒకరి దగ్గర, సగం టికెట్ రేట్లు ఇంకొకరి దగ్గర, కాగితాలు చూపియ్యొద్దు, ఇంగ్లీష్‌లనే అడిగి తెలుసుకోవాలె. నారాయణపేట నుంచి పొద్దున బయలుదేరి పిల్లలమర్రి చూసి, జడ్చర్లల పెండ్లికి పోయి, ఆరింటికల్ల ఇంటికి రావాలె, అందరికంటె తక్కువ పైసలల్ల. పది నిమిషాలు గోల గోల, సగం తెలుగే, నేనేం అనలే. అప్పుడు ఎనక బెంచ్‌ల ఒక పిల్ల, ఏడాదంత ఎస్ సార్ నో సార్ తప్ప మాట్లాడంది, లేచి మా టీంల ముగ్గురం ఆడపిల్లలం సార్, మహాలక్ష్మి ఫ్రీ బస్సు ఉంది, మాకు పైసలే పడవు అన్నది, తెలుగుల. ఇంగ్లీష్ అన్న. ఆగిన, లోపల లెక్కబెట్టిన, ఎనిమిది దాక వచ్చింది. "సర్, అస్ జీరో టికెట్. బాయ్స్ ఓన్లీ మనీ." క్లాస్ అంత నవ్వింది, ఆమె కూడ నవ్వింది, ఎందుకంటే నవ్వు మగపిల్లల మీద పడ్డది. వాళ్ళు ఊకుంటరా, "సర్, వై బాయ్స్ నో జీరో టికెట్" అని ఒకడు, "గర్ల్స్ ఎక్స్‌ప్రెస్ ఓన్లీ సర్, సూపర్ లగ్జరీ నో ఫ్రీ" అని ఇంకోడు, లెక్క పక్కకు పోయి కొట్లాట ఇంగ్లీష్‌ల పడ్డది.

మర్నాడు ఆ మూడు వాక్యాలు పేర్లు లేకుండ బోర్డు మీదికి ఎక్కినయి. రెండు దిద్దిన్రు. మూడోదాని కాడ ఒకడు అడిగిండు, "అస్ జీరో టికెట్" అంటే మనకు నిన్ననే అర్థమైంది కద సార్, ఇంక దిద్దుడెందుకు? ఆ వాక్యం ఆమెదే అని వానికి తెలుసు, నాకూ తెలుసు, ఆమె మాత్రం పుస్తకం వైపు చూస్తుంది. కండక్టర్‌కైతె ఇట్లనే చాలు, పరీక్ష పేపర్ దిద్దేటాయన వేరే మనిషి, రెండూ నేర్చుకుందాం అన్న. ఆ పిల్లనే లేచొచ్చి చాక్‌పీస్ తీసుకోని "అస్" కొట్టేసి "వి గెట్" అని రాసిపోయింది.